నాలుగో పూత

పై వాటాలో తలుపులకు లక్క పాలిష్ వేయిస్తున్నారు. స్పిరిట్‌లో నానిన లక్క వాసన మెట్ల మీదుగా దిగి మా ముందు గదంతా నిండింది. మా కోడలు కిటికీలు మూసింది. నేను మళ్ళీ తెరిచాను. ఆ వాసన తగిలితే నాకు చిక్కడపల్లి సందులోని బాలకిష్టయ్య గారి కొట్టు గుర్తుకొస్తుంది. దాని వెంటే నేను ఆయనతో ఆడిన ఒకే ఒక్క అబద్ధమూ గుర్తుకొస్తుంది. కిటికీ మూసినంత మాత్రాన పోయే సంగతి కాదది.

ఆయన పాలమూరు వైపు నుంచి ఇళ్ళ కట్టుబడి పనికి నగరానికి వచ్చి, వడ్రంగం నేర్చి, రేడియో పెట్టెలు చేస్తూ చేస్తూ స్పీకర్ల పనిలోకి దిగారు. మూలపడ్డ రేడియోల్లోంచి తీసిన స్పీకర్లు కొట్టులో ఒక గంప నిండా ఉండేవి. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని, కాగితం గరాటును రెండు బొటనవేళ్ళతో మెల్లగా నొక్కి వదిలేవారు. లోపలి తీగచుట్ట ఎక్కడైనా రాసుకుంటే అది పనికిరాదు. పదింట్లో ఒకటి నిలిచేది. ఆ ఒక్క స్పీకరే మృదంగం బరువైన నాదమూ పలకాలి, తాళాల చప్పుడూ పలకాలి. సన్నని శబ్దాల కోసం పెద్ద గరాటు నడుమ చిన్న కాగితం గరాటు ఇంకొకటి అంటించి ఉండేది. దానికి ఆయన లక్క నీళ్ళు కుంచెతో పూసేవారు. ఒక పూతకు కాగితం బిగిసి మాట విచ్చుకుంటుంది. పూత ఎక్కువైతే చెవిలో గీరుతుంది. రెండో పూత కావాలా వద్దా అన్నది మాత్రం చెవి చెప్పాల్సిందే.

మేము కోస్తా నుంచి నాన్నగారి ఉద్యోగంతో వచ్చి అశోక్ నగర్‌లో స్థిరపడ్డవాళ్ళం. నేను నారాయణగూడలో ఒక బళ్ళో టీచర్ని. నా నోటి దురుసు ఇంటా బయటా ప్రసిద్ధం. పెళ్ళిచూపులకు ఎవరైనా వస్తే నోరు విప్పవద్దని అమ్మ ముందే బతిమాలేది. బాలకిష్టయ్య గారు మా రేడియో బాగుచేసి ఇచ్చిన రోజున కూడా ఊరుకోలేదు.

“ఏమండీ, వార్తలు చదివే ఆయనకు జలుబు చేసిందా?” అన్నాను, నలుగురి ముందే.

ఆయన మొహం చిన్నబోయింది. రేడియో మళ్ళీ పట్టుకెళ్ళిపోయారు. మర్నాడు కొట్టుకు వెళితే దాని స్పీకరు విప్పి ఉంది.

“నిజమే బిడ్డా. అంచుకు బంక ఎక్కువ వెట్టిన. ఇంతమంది వచ్చి మంచిగున్నది అన్నరు, ఒక్కరు గూడ చెప్పలే. నీ నోరు జర కరాబే. గదే నాకు కావాలె.”

అప్పటి నుంచి ఏ పెట్టె తయారైనా నాకు కబురు వచ్చేది. ఆ ఏడాది ఊళ్ళో ప్రత్యేక రాష్ట్రం గొడవల వల్ల బళ్ళు మూతపడి నాకూ తీరిక దొరికింది. ఆయన పాటలు పెట్టి పరీక్షించేవారు కారు. భార్య సత్తెమ్మ గారు వెనక గదిలో మైకు ముందు కూర్చుని, బియ్యం ఏరుకుంటూ, పొద్దున కూరగాయల బేరం ఎలా సాగిందో చెప్పేవారు. ఆ మాటలు ముందు గదిలో పెట్టెలోంచి వచ్చేవి. “పాట మోసం చేస్తది. ఇంట్ల మనిషి గొంతు మోసం చెయ్యది” అనేవారాయన. నేను విని ‘ముక్కుతో మాట్లాడుతున్నారు’ అనో, ‘ఇప్పుడు సత్తెమ్మ గారే’ అనో చెప్పేదాన్ని. ఆంధ్రోళ్ళ పిల్లతో నీకేం పని అని సందులో ఎవరో అడిగితే, “చెవులకు ఊరుంటదా?” అని ఆయన తన పనిలో పడ్డారు.

ఒక సాయంత్రం వాన వెలిసింది. సందు వెనక చెత్తలో కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. ఆయన కుంచె కడుగుతూ, “ఏందో, ఈ ఏడు కీచురాళ్ళే లెవ్వు” అన్నారు. సత్తెమ్మ గారు బియ్యం చేట పట్టుకుని నా వైపు చూశారు. నేను చేటలోకి చూపు తిప్పుకున్నాను.

పని తగ్గిపోతూ ఉంది. అప్పుడే హైదర్‌గూడలో ఒక సంగీతం టీచరమ్మ స్పీకరు పెట్టె చేయించుకుంటానన్నారు. అది నచ్చితే ఆమె శిష్యుల ఇళ్ళ పనంతా ఆయనదే. నచ్చకపోతే కొట్టు మూసి మళ్ళీ కట్టుబడికి పోవాల్సిందే. ఆయనే చెప్పారు. గంపంతా వెతికి ఒక మంచి స్పీకరు ఏరి, నెల రోజులు దాని మీదే కూర్చున్నారు. ఒక పూత వేసి, మాట ఇంకా మూసుకుపోయినట్టే ఉందని రెండోది వేశారు. తరవాత మూడోది. నన్ను పిలిచే నాటికి నాలుగో పూత ఆరుతూ ఉంది.

సత్తెమ్మ గారు మైకులో మాట్లాడారు. ఆవిడ ‘స’ అన్నప్పుడల్లా రేకు మీద మేకు గీసినట్టుంది. ఆయన నా మొహంలోకి చూస్తూ, “ఎట్లున్నది? దాచకు” అన్నారు. కుంచె ఇంకా చేతిలోనే ఉంది. జన్మలో ఎవరినీ వదలని నా నోరు ఆ ఒక్క రోజే మెత్తబడింది.

“బాగుందండీ” అన్నాను.

హైదర్‌గూడలో పదిమంది ముందు రికార్డు వేశారు. పల్లవి పూర్తి కాకుండానే టీచరమ్మ, “ఆపండి, ఆపండి, చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది” అన్నారు. ఎవరో నవ్వారు. ఏం జరిగిందో ఆయనకు తెలియలేదు. చుట్టూ చూసి, నా దగ్గరికి వచ్చి, “ఏమైంది బిడ్డా? మంచిగనే ఉన్నది గద?” అని అడిగారు. నేను తలవంచుకున్నాను.

వారం తరవాత వెళితే కొట్టు సర్దేస్తున్నారు. నాకు ఆ రోజే తెలుసని, మనసొప్పక చెప్పలేదని ఏడుస్తూ చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆ స్పీకరును పెట్టెలోంచి విప్పి గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు.

“లోకం చెప్పకపోతే నాకు బాధ లేదు. నువ్వు గూడ చెప్పకపోతివి.”

మళ్ళీ తలుపు చట్రాలు చేసే పనికి వెళ్ళారు. రెండేళ్ళ తరవాత పోయారని సత్తెమ్మ గారి వల్ల తెలిసింది.

ఆ స్పీకరును నేను పారేయలేదు, మోగించనూ లేదు. ఇవాళ ఉండబట్టలేక అటక మీద నుంచి దింపించి, తీగలు రేడియోకు కలపమని కోడల్ని అడిగాను. ఎవరో ఆడమనిషి మాటలు వచ్చాయి. ఎక్కడా గరుకు లేదు. మెత్తగా, విడివిడిగా, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. ఈ వయసులో నా చెవులకు వినిపిస్తున్నదే ఆయనకు ఆ రోజు వినిపించింది. తన చెవులకు సరిగ్గా చేసుకున్నారు. తనకు అందని ఆ కాస్త వినడానికే నన్ను పిలిచారు.

తల తిప్పి చూస్తే కోడలు చెవుల మీద నుంచి చేతులు గబుక్కున తీసింది.

“ఎలా ఉందమ్మా?”

నా మొహం చూసింది. “బాగుంది అత్తయ్యా.”

చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. “చెప్పెయ్ తల్లీ, నాకేమీ కాదు. చెప్పకపోతేనే అవుతుంది” అన్నాను.