గోడ మీద తెల్ల పావురం

మా బావది పుంగనూరులో లైట్లు, సౌండు బాక్సులు అద్దెకిచ్చే అంగడి. పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ సీరియల్ బల్బులు కట్టి బాగానే నెట్టుకొస్తున్నాడు. ఒకసారి బెంగళూరులో ఎవరిదో పెళ్లికి పోయి, అక్కడ లేజర్ షో చూసి వచ్చాడు. గోడ మీద రంగురంగుల గీతలతో పూలూ పక్షులూ కదిలాయట.

"అట్లాంటి పెట్టె మనమే చేసుకోలేమా బామ్మర్దీ? లైబ్రరీలో పుస్తకాలన్నీ నమిలేసినోడివి కదా నువ్వు!" అన్నాడు.

ఎగతాళికే అన్నాడు గానీ ఆ మాట నాకు పట్టుకుంది. నా చదువు ఇంటర్ దగ్గరే ఆగిపోయింది. మదనపల్లెలో టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేస్తుంటాను. నాకు తెలిసిన భౌతికశాస్త్రమంతా మా ఊరి గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నదే. కాంతి మీద అక్కడ రెండు లావుపాటి పుస్తకాలు ఉండేవి. తెలుగుది మామూలుగా, ఇంగ్లీషుది నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఆ రెండిటినీ పూర్తిగా చదివినవాడు మా ఊళ్లో ఇంకొకడు లేడని నా నమ్మకం.

పెట్టె చెయ్యడానికి ఏడాది దాకా పట్టింది. మందపాటి అల్యూమినియం పలక మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లు బిగించాను. ఒక రంగును తనలోంచి పోనిచ్చి ఇంకో రంగును పక్కకు తిప్పే అద్దాలు దొరుకుతాయి. వాటితో మూడు కిరణాలనూ ఒకే దారిలోకి తేవాలి. అద్దం వెంట్రుకవాసి జరిగినా దూరాన గోడ మీద మూడు చుక్కలు విడివిడిగా పడతాయి. మూడూ కలిశాక, చివరన గోరంత అద్దాలు రెండు వణుకుతూ ఆ చుక్కను గోడ మీద పరుగెత్తిస్తాయి. ఆ వేగానికి చుక్క కనపడదు, బొమ్మ కనపడుతుంది. చుక్క ఒకచోట ఆగిందంటే మాత్రం నల్లగుడ్డను కాల్చేస్తుంది, కంట్లో పడితే చూపే పోతుంది. అందుకే అద్దాలు ఆగగానే లేజర్లు ఆరిపోయే ఏర్పాటు చేసుకున్న తర్వాతే బొమ్మల జోలికి పోయాను.

అన్నిటికన్నా తిప్పలు పెట్టింది తెలుపు. మూడు లేజర్లూ ఒకే పవర్‌వి కొందామన్నాడు బావ, అన్నదమ్ముల భాగాల్లాగా సమానంగా. నేను ఒప్పుకోలేదు. ఆకుపచ్చ మన కంటికి బాగా ఆనుతుంది, ఎరుపు అంతగా ఆనదు, కాబట్టి ఎరుపు పాలు ఎక్కువుండాలని చదివి ఉన్నాను. గదిలో కిటికీలు మూసి, ఎదురుగోడ మీద పావురం బొమ్మ వేసి, మూడు రంగులనూ స్క్రూడ్రైవర్‌తో పెంచుతూ తగ్గిస్తూ మల్లెపూవు తెలుపు వచ్చేదాకా సరిచేశాను. స్క్రూలు కదలకుండా వాటి మీద మా ఆవిడ గోళ్లరంగు పూసి, మూత బిగించేశాను.

పావురమే ఎందుకంటే, కుప్పంలో ఒక చర్చి వార్షికోత్సవానికి బావ మాట ఇచ్చేశాడు. ఆరాధన ముగిశాక చర్చి గోడ మీద తెల్ల పావురం రెక్కలు విప్పి ఎగరాలి. దానికి వారం ముందు పెట్టెను పుంగనూరుకు తీసుకుపోయి, బావ ఇంటి వెనక తెల్లటి కొత్త షామియానా గుడ్డ కట్టి, పొద్దు గూకాక వేసి చూశాము.

పావురం గులాబీ రంగులో వచ్చింది.

మా అక్క పకపకా నవ్వింది. "ఇదేం పావురంరా, బొచ్చు పీకిన కోడి మాదిరి ఉండాది!"

బావ నవ్వలేదు. "ఆ చర్చోళ్లు పావురం అడిగినారు గానీ కోడిని అడగలేదు. సూడు బామ్మర్దీ, ఈ వారంలో సరిచేస్తే సరి. లేకుంటే బెంగళూరు పోయి రెడీమేడ్ పెట్టె తెచ్చుకుంటాను. నువ్వేమీ అనుకోవద్దప్పా."

కోడి అన్నందుకు కాదు, అనుకోవద్దన్నందుకు బాధేసింది. ఏడాది పనిని అంత మర్యాదగా పక్కన పెట్టేస్తున్నాడు. పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో మదనపల్లెకు తిరిగొచ్చాను. ఇంట్లో అదే గోడ మీద వేస్తే పావురం తెల్లగానే ఉంది. మరునాడు గ్రంథాలయానికి పోయి ఆ పేజీలు మళ్లీ చదివాను. తప్పేమీ దొరకలేదు. 'తెల్లని తలం మీద' అని ఉన్నచోట నేను ఆగను కూడా లేదు.

ఆ సాయంత్రం మళ్లీ బొమ్మ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. ఫ్యాను గాలికి గోడకున్న క్యాలెండర్ పుట తిరగబడింది. దాని వెనక వైపు ఖాళీ కాగితం మీద పడిన రెక్క గులాబీగా, గోడ మీది ఒళ్లు తెల్లగా కనిపించాయి. లేజర్ ఆర్పేసి, లైటు వేసి, గోడ దగ్గరికి పోయాను.

కాఫీ తెచ్చిన మా ఆవిడ వాకిట్లోనే నిలబడింది. "ఏమయ్యా, గోడను తడుముతాండావు?"

"ఇదేం రంగు?"

"తెల్లగోడే కదా."

"ఈ కాగితం పక్కన పెట్టి చూడు."

చూసింది. "సున్నంలో నీలిమందు కలిపి కొడితిమి కదా. ఎక్కువైపోయిందని నేనంటే, ఉండనీలే, ఇంకా తెల్లగా కనపడుతుందని నువ్వే అంటివి."

అన్నాను. పుట్టినప్పటి నుంచీ మా గోడలన్నీ అట్లాంటివే, వాటిని తెల్లగోడలనే పిలుస్తాము. నీలిమందు ఎరుపును కొంత మింగేస్తుంటే, అది చాలడం లేదనుకుని నేను ఇంకా ఇంకా ఎరుపు పోశాను. ఇప్పుడు కాగితం పెట్టి సరిచెయ్యొచ్చు. కానీ కుప్పం గోడలో ఎంత నీలిమందు ఉందో ఎవరికి తెలుసు? మూత విప్పి, గోళ్లరంగు గీకేసి, పెట్టె వెనక మూడు బొక్కలు వేసి, మూడు రంగులకూ బయటి నుంచి తిప్పుకునే నాబ్‌లు పెట్టాను.

బావకు అవి నచ్చలేదు. "రేడియో మాదిరి చేసినావే! కనపడినోడల్లా తిప్పుతాడు."

కుప్పం చేరేసరికి పొద్దు వాలుతోంది. చర్చి గోడ చూసి బావ మెట్ల మీదే కూలబడ్డాడు. సంఘ పెద్ద సంతోషంగా ఎదురొచ్చాడు.

"పండగ కదా అని నిన్ననే కొట్టించినామప్పా, చందనం రంగు. బాగుండాది కదా?"

"శానా బాగుండాది," అన్నాడు బావ, నీరసంగా.

చీకటి పడ్డాక, జనం రాకముందే బొమ్మ వేశాను. పావురం పసుపులో ముంచినట్టుగా వచ్చింది. ఈ గోడ నీలాన్ని మింగుతోంది. బావ మైదానం చివరికి పోయి నిలబడి కేకలేశాడు. నేను నాబ్‌లు తిప్పుతూ పోయాను.

"ఇంకా పసుపుగానే ఉండాది! ఇంకొంచెం... అయ్యో, ఇప్పుడు నీలమైపాయె. ఎనక్కి రా... ఆఁ, ఆడే! ఆడే పెట్టు, కదిలించొద్దు!"

ఆరాధన అయ్యాక పావురం జనం తలల మీదుగా, ఎత్తున గోడ మీద రెక్కలు విప్పింది. ముందు వరసల్లో తెల్లచీరల అమ్మలు ఎవరూ అడగకుండానే పాట ఎత్తుకున్నారు. బావ పాట అయిపోయేదాకా గోడనే చూస్తూ ఉన్నాడు.

అందరూ భోజనాలకు పోయాక వైర్లు చుడుతూ బావ అన్నాడు, "రెండో పెట్టెకు మొదట్నే పెట్టేయ్ ఆ నాబ్‌లు. మళ్లీ బొక్కలు కొట్టే పని లేకుండా."

"రెండో పెట్టె ఎందుకు బావా? బెంగళూరు పోతానంటివే."

"పోప్పా పో! ఆ వైరు ఇట్లందుకో."