రెండు గొడ్డళ్లు, ఒక దోటి

లింగయ్య మామ కూర్చుని ఉండగా చూసినవాళ్లు ఆ ఊళ్లో లేరు. అన్నం కూడా నిలబడే తినేవాడు. ఒక చేతిలో ముద్ద, ఇంకో చేతిలో కత్తి. దాన్ని బొటనవేలి గోటి మీద ఆనించి చూసేవాడు. జారితే మొద్దుబారినట్టు, పట్టుకుంటే పదునున్నట్టు. పదునుందని తేలినా ఊరుకోడు, మళ్లీ రాయి దగ్గరికి వెళ్లేవాడు. అతను నూరిన కత్తి పక్కగా ఎగిరిన ఈగకు ఒకవైపు మీసం పోయిందని నేను చాలామందికి చెప్పాను. ఈగ సంగతి నేను కలిపింది. మిగతాదంతా ఉన్నదే.

వేములపల్లి పక్కన చిన్న ఊరు. సూర్యాపేట నుంచి అక్కడి మిషన్ బడికి పంతులుగా వెళ్లేనాటికి నాకు పంతొమ్మిదేళ్లు. లింగయ్యకు నలభై దాటాయి. మేకలు కాసే ఇల్లు. ఎండలు ముదిరి నేల మీద పచ్చన అనేది లేకుండా పోయాక మందను తోలుకుని పాలకీడు అవతలి అడవికి వెళ్లేవాడు. మళ్లీ తొలకరికే రాక.

అడవికి ఏ పనిముట్టు తీసుకుపోవాలన్న దాని మీద అతనికున్నంత పట్టింపు పెళ్లి సంబంధాలు చూసేవాళ్లకు కూడా ఉండదు. ఒక్క కత్తి కోసం కోదాడ దాకా నడిచి వెళ్లి, నచ్చక, అక్కణ్నుంచి సూర్యాపేట కమ్మరుల దగ్గరికి నడిచేవాడు. రేకును గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకునేవాడు. మోగితే ఉక్కు, దగ్గితే ఇనుము. పాత లారీ కమాను పట్టీతో సాగగొట్టిందంటే కళ్లు మూసుకుని తీసుకునేవాడు. చెయ్యి తడి చేసుకుని పిడి పట్టి చూసేవాడు. అడవిలో చేతికి చెమట పడుతుంది, కొట్టులో పట్టదు గదా అనేవాడు. అందమైన కత్తిని ముట్టుకునేవాడే కాదు. అందంగా ఉంటే దాచుకోబుద్ధవుతుంది, దాచుకున్నది తుప్పు పడుతుంది.

అలా ఏరి తెచ్చినవి ఆరు. అన్నిట్లోకి రెండే ముఖ్యం. ఒకటి దోటి, అంటే పొడుగాటి వెదురు గడకు చివర వంకీ కత్తి. ఎండాకాలం ఆకు చెట్ల చిటారున మాత్రమే ఉంటుంది. దోటితో కొమ్మ లాగితేనే మేకకు మేత. రెండోది గొడ్డలి. రోజూ పొద్దు వాలేలోగా తుమ్మ ముళ్లు నరికి మంద చుట్టూ కంచె వేయకపోతే తోడేళ్లకు పండగే.

ఆ దోటి దగ్గరే తగువు వచ్చింది. సోమన్న లింగయ్య పెళ్లాం కొమురమ్మకు తమ్ముడు. అతనూ మేకలవాడే, అదే అడవికి వెళ్తాడు. ఒక ఏడు బావ దోటి అడిగి తీసుకెళ్లి, అంచుకు ఒక పన్ను ఊడగొట్టి తెచ్చాడు. తెచ్చినవాడు ఊరుకోకుండా ముందే ఊడి ఉందన్నాడు. కత్తి పోయినా లింగయ్య ఓర్చుకునేవాడేమో గాని ఆ మాట ఓర్చుకోలేదు. మూడేళ్లు మాటల్లేవు. మొదట్లో కొమురమ్మ అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసింది. తర్వాత నోరు నొచ్చింది, ఇక మొయ్యనని ఇద్దరికీ చెప్పేసింది.

పోలీసు యాక్షన్ అయిన తర్వాతి ఎండాకాలం. ఊళ్లో ఎవరి ప్రాణం కుదురుగా లేదు. మిర్యాలగూడ బాట మీద మిలిటరీ లారీలు, ఊరి బయట డేరాలు. ఒకరోజు డప్పు వేయించారు. ఇనుప పనిముట్లన్నీ పటేలు ఇంట్లో అప్పగించాలి. అడవికి పోయేవాళ్లు ఇంటికి ఒక్కటే తీసుకుపోవాలి, దానికి కాయితం ఉండాలి. అడవి బాటకు అడ్డంగా తనిఖీకి పెట్టిన నాకా దగ్గరి సిపాయిలకు తెలుగు రాదు కాబట్టి కాయితం ఇంగ్లీషులో రాయాలి. సిస్టర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషు ఊరంతటికీ నా ఒక్కడి దగ్గరే ఉంది.

ఆ రెండు రోజుల్లో లింగయ్య మామ బడి అరుగు ఎన్నిసార్లు ఎక్కి దిగాడో లెక్క లేదు. దోటి అని రాయించాడు. బాట దాకా వెళ్లి, తోడేళ్లు గుర్తొచ్చి, వెనక్కి వచ్చి చింపించాడు. గొడ్డలి అని రాయించాడు. మేకల పొట్టలు గుర్తొచ్చి అదీ చింపించాడు. కొడవలితో రెండు పనులూ సగం సగం అవుతాయేమోనని ఒకసారి అనుకున్నాడు గాని అది అతనికే నచ్చలేదు. నాలుగు కాపీ పుస్తకం కాయితాలు పోయాయి. అరుగు మీద నిలబడలేడు, కూర్చోలేడు. మందలో మిగిలినవి నలభై రెండు. అంతకుముందు ఏడాది గడబిడలో ఎవరెవరో వచ్చి సగానికి పైగా తోలుకుపోయారు. ఇవీ పోతే కోదాడలో బస్తాలు మోయడమే.

చివరికి గోడవైపు తిరిగి, గోడనే అడుగుతున్నట్టు అడిగాడు.

"గాయన ఏం రాయించుకుండు, పంతులూ?"

గాయన అంటే సోమన్న. అతను పొద్దున్నే వచ్చి దోటి రాయించుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

లింగయ్య ముఖం తేటబడింది. అతని ఆలోచన నాకు అర్థమైంది. ఎదురుబొదురు చెట్ల కింద దిగితే చాలు, మాట్లాడుకునే పని లేదు. సోమన్న రాల్చిన ఆకు తన మేకలు తింటాయి, తను వేసిన కంచెలోకి సోమన్న మేకలు దూరతాయి. ఆకు మీద పేరుండదు, ముల్లు మీదా ఉండదు. గొడ్డలి అని రాయించుకుని, మర్నాడు తెల్లవారగానే బయల్దేరాడు.

అతను అలా వెళ్లాడో లేదో సోమన్న వచ్చాడు. అతనికీ అదే పీకులాట.

"మా బావ ఏం తీస్కపోయిండు?"

నా నాలుక ఎందుకు దురద పెట్టిందో ఇప్పటికీ చెప్పలేను. చెట్టంత మగవాళ్లు ఇద్దరు, ఒక్క మాట అడుక్కోలేక గోడల్ని అడుగుతున్నారు. ఏమవుతుందో చూద్దామనిపించింది.

"దోటి," అన్నాను.

సోమన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. తన కాయితం చింపించి, గొడ్డలి అని రాయించుకుని వెళ్లాడు. ఆ పూట నాలో నేను నవ్వుకుంటూ పిల్లలకు ఎక్కాలు చెప్పాను.

నవ్వు మర్నాటి దాకా కూడా నిలవలేదు. కొమురమ్మ మజ్జిగ ముంత తెచ్చి అరుగు మీద పెట్టింది. తమ్ముడు దోటి, మొగుడు గొడ్డలి, ఇగ ఫికర్ లేదు అంది. పోయినేడు మేకల్ని తోలుకుపోయిన రోజు లింగయ్య ఖాళీ దొడ్డిలో తిరుగుతూనే ఉన్నాడట, పొద్దు పొడిచిందాకా. ఈసారి గిట్ల ఏమన్నా అయితే మనిషి దక్కడు పంతులూ, అంది. నవ్వుతూనే అంది.

ఆ మజ్జిగ అరుగు మీదే పులిసింది. మర్నాడు బళ్లో రెండో ఎక్కం తప్పు చెప్పాను. పొద్దున అడవివైపు, సాయంత్రం అడవివైపు చూస్తూ అరుగు మీద అటూ ఇటూ తిరిగాను. లింగయ్య జబ్బు నాకు పట్టుకుంది. నాలుగో రోజు కొమురమ్మకు నిజం చెప్పేశాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నేరుగా పటేలు ఇంటికి వెళ్లి, ఎట్లా అడిగిందో, లింగయ్య దోటి తెచ్చి నా చేతిలో పెట్టింది. వాళ్ల ఇంటి వంతు ఇనుము అయిపోయింది. మా ఇంటి వంతు ఇంకా ఉంది. నా పేరు మీద నేనే కాయితం రాసుకున్నాను.

నాకా దగ్గర సిపాయి కాయితాన్నీ, నన్నూ, నా కళ్లద్దాలనూ, నాకంటే రెండింతలున్న గడనూ మార్చి మార్చి చూశాడు. పంతులుకు ఇదెందుకని అడిగాడు. వెనక బెంచీవాళ్లను లాగడానికి అన్నాను. వదిలేశాడు.

వాళ్లను వెతికి పట్టుకునేసరికి మర్నాడు మిట్టమధ్యాహ్నమైంది. ముందు గొడ్డలి చప్పుడు వినబడింది, తర్వాత తిట్లు. పెద్ద దిరిసెన చెట్టు మీద సోమన్న. కింద లింగయ్య చేతులు చాచి, రెండు మందల్నీ కలిపి వెనక్కి నెడుతున్నాడు. గొడ్డలి చప్పుడు వింటే మేకలు ఆకు పడుతుందని కిందికి ఉరుకుతాయి. నెట్టి ఆపేవాడు లేకపోతే కొమ్మ వాటి మీదే పడుతుంది.

"జర ఆగురా బామ్మర్దీ, మేకలున్నయి కింద."

"నువ్వు ఎప్పుడు ఎడంగ నిలబెట్టినవ్ గనక, బావా? మా అక్కను అడిగితె చెప్తది."

"మీ అక్కను ఇందుల తేకు. కొమ్మ కొట్టు."

మొదటి రోజు ఏం జరిగిందో తర్వాత లింగయ్యే చెప్పాడు. ఇద్దరి భుజాల మీదా గొడ్డళ్లు. ఒకరి గొడ్డలి ఒకరు చూసుకుని చెరో చెట్టు కింద నిలబడ్డారు. మేకలు అరుస్తున్నాయి. లింగయ్య చెట్టెక్కి ఒక కొమ్మ కొట్టాడు. అది తన మేకపోతు మీదే పడి కొమ్ము విరిగింది. అవతల సోమన్న చెట్టు దగ్గరా ఒక మేకపిల్ల కాలు విరిగింది. సాయంత్రానికి రెండు మందల్లో ఏ పొట్టా నిండలేదు. మర్నాడు పొద్దున లింగయ్య సోమన్న చెట్టు కిందికి వెళ్లి, మేకల్ని వెనక్కి నెట్టి, కొమ్మల్లోకి చూసి, ఎక్కు అన్నాడు. మూడేళ్ల తర్వాత మొదటి మాట అది. సోమన్న ఎక్కాడు.

నేను దోటి చూపించి, తప్పు నాదేనని చెప్పాను. లింగయ్య గడ అందుకున్నాడు. వేలు అంచు వెంబడి నడిచి, ఆ ఊడిన పన్ను దగ్గర ఆగింది. చెట్టు మీద గొడ్డలి కూడా ఆగింది. సోమన్న కిందికి చూడకుండా ఆకుల్లోకి చూస్తున్నాడు. లింగయ్య నన్ను పొద చాటుకు తీసుకెళ్లాడు.

"గిది గీడుంటే రేపటికల్లా వాడో చెట్టు, నేనో చెట్టు అయితం. నీ పేరు మీద తెచ్చినవ్, నీ పేరు మీదనే వాపస్ తీస్కపో."

"మరి మేకలు, మామా?"

"సూడు."

చూశాను. ఆకు కుప్పల్లో మూతులు తప్ప ఏమీ కనబడలేదు. అవతల రెండు మందలకూ కలిపి ఒకే ముళ్ల కంచె, నడుం ఎత్తున. రెండు గొడ్డళ్లతో వేసిన కంచె ఒక గొడ్డలి కంచెలా ఉండదు. ఆ ముళ్లకు భయపడి చిరుతలు కృష్ణ దాటి పారిపోయాయని మా మనవలకు చెప్తుంటాను. చిరుతలు కూడా నేను కలిపినవే. తొలకరికి నలభై రెండులో నలభై ఒకటి ఇంటికి వచ్చాయి. ఆ ఒక్కటి నెమరు వేస్తూ ముసలితనంతో పోయింది.

మరుసటి ఏడు ఆ కట్టడి లేదు. పటేలు ఇంట్లోంచి పనిముట్లన్నీ ఎవరివి వాళ్లకు చేరాయి. అడవికి బయల్దేరే రోజు లింగయ్య మామ ఆరింటినీ నూరాడు. దోటి భుజాన వేసుకున్నాడు, మిగతావి నడుముకు కట్టుకున్నాడు. గడప దాటి, ఆగి, వెనక్కి వచ్చి ఒక్కొక్కటీ విప్పి గోడకు వేలాడదీశాడు. మళ్లీ కట్టుకున్నాడు, మళ్లీ విప్పాడు. కొమురమ్మ గుమ్మంలో నిలబడి, ఈ మనిషి ఇవాళ పోతాడా పోడా అని గొణుక్కుంటోంది.

కాసేపటికి బడి అరుగు ముందు నిలబడ్డాడు. లోపలికి రాలేదు. ఈసారి గోడవైపు తిరగలేదు, నా ముఖంలోకే చూశాడు.

"పంతులూ, మా బామ్మర్ది వచ్చి అడుగుతడు. మీ బావ దోటి తీస్కపోయిండని చెప్పు."

భుజం మీద గొడ్డలి ఉంది.