టైలరక్క కుట్టిన కొత్త ఆది

మా టైలరక్క పోయింది. పోయిన గురువారం పొద్దున పదింటికి మసీదు మైకులో ఫలానా ఆయన భార్య చనిపోయారని, సాయంత్రం నమాజు తర్వాత ఖననమని చెప్పారు. అప్పుడు నేను మేడ మీద బట్టలు దులుపుతున్నాను. పోర్టు నుంచి వచ్చే బొగ్గు లారీల దుమ్ముకి మా వీధిలో ఎవరమైనా ఆరిన బట్టల్ని దులపకుండా లోపలికి తేలేం. మైకులో పేరు స్పష్టంగానే వినపడింది. పాపం ఎవరో అనుకుని దులుపుతూనే ఉన్నాను. కింద నుంచి పాలామె "మన టైలరక్కేనమ్మా" అని కేకేసేదాకా అది ఆమె అని తెలియలేదు. ఇరవై రెండేళ్లు ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకున్నాను. ఆమె పేరు గానీ, ఆమె భర్త పేరు గానీ ఏ రోజూ అడగలేదు.

గుండె ఆగిందన్నారు. ముందు రోజు సాయంత్రం దాకా మిషను తొక్కిందట. నేను ఆ గురువారమే వెళ్లి తెచ్చుకోవలసిన జాకెట్టు ఒకటి ఆమె దగ్గరుంది.

ముత్తుకూరు రోడ్డు నుంచి మా వీధిలోకి తిరగగానే రెండో ఇల్లు ఆమెది. ముందు గదిలో కిటికీ కింద మిషను, దాని పక్కన ముక్కాలి పీట, గోడకి ఆకుపచ్చ కర్టెను. మగవాళ్లు గడప దాటేవాళ్లు కాదు. కొలతలు ఒక్కసారే తీసుకునేది. ఆ తర్వాత అందరం చేసేదే, బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఆదికి ఇచ్చేవాళ్లం. మా ఒళ్లు పెరిగినా ఆది మాత్రం అదే తీసుకెళ్లేవాళ్లం. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని మమ్మల్ని, దాన్ని మార్చి మార్చి చూసేది.

"ఈ ఆది నీదా, మీ చెల్లెలిదా?"

"నాదే అక్కా."

"అయితే దీనికే కుడతా. తగ్గినాక వచ్చి తీసుకో."

అలా అన్నా పక్కల్లో రెండు వేళ్ల గుడ్డ వదిలి మూడు వరుసలు కుట్టేది. ఒళ్లు వచ్చే కొద్దీ ఒక్కో వరుస విప్పుకోవచ్చు. ఇంకో పద్ధతి కూడా ఉండేది. ముందు ఎర్ర దారంతో వదులుగా కచ్చా కుట్టు వేసేది. అది తొడిగించి గదిలో నడిపించేది, పీట మీద కూర్చోబెట్టేది, పై అరలో డబ్బా అందుకున్నట్టు చేతులెత్తమనేది. "నిలబడితే అందరికీ కుదురుద్ది. పని చేస్తే కదా తెలిసేది" అనేది. ఆ తర్వాతే మిషను మీద పక్కా కుట్టు.

రెండేళ్ల కిందట నాకు ఎడమ వైపు రొమ్ములో గడ్డ కనపడింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి రొమ్ము మొత్తం తీసేశారు. మూడు వారాలకి రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ దాన్ని నా ముందు పెట్టి నెమ్మదిగా చెప్పింది. గడ్డ మొత్తం బయటికి వచ్చేసింది. చంకలో తీసిన గ్రంథుల్లో ఒకదానిలో మాత్రం కొంచెం కనపడింది. మాత్రలు ఎలాగూ కొన్నేళ్లు వాడాలి. వాటికి ముందు కీమో కూడా ఇస్తే జబ్బు మళ్లీ వచ్చే అవకాశం ఇంకొంచెం తగ్గుతుంది. ఆ ఇంకొంచెం నా విషయంలో పెద్దది కాదు, అలాగని లేకపోనూ లేదు.

"మీరు చెప్పండమ్మా, ఏది మంచిది?" అన్నాను.

"కొందరికి నేనే ఖచ్చితంగా చెప్తాను. మీరు సరిగ్గా గీత మీద ఉన్నారు. వేయించుకుంటానన్నా సరే, వద్దన్నా నేను తప్పు పట్టను. పది రోజుల్లో చెప్పండి. ఇంకా ఆలస్యమైతే ఇచ్చినా ఉపయోగం తగ్గుతుంది."

కాగితం మీద వరుసగా సున్నాలు గీసి, వాటిలో కొన్నిటిని నల్లగా నింపింది. ఆ నల్ల సున్నాలే కీమో వల్ల బాగుపడేవాళ్లట. తెల్లగా మిగిలిన వాళ్లలో ఎక్కువ మందికి అది లేకపోయినా ఏమీ కాదు, కొందరికి అది ఇచ్చినా ఆగదు. ఎవరు ఏ సున్నానో ముందుగా తెలుసుకునే వీలు లేదు.

నేను పద్ధతి ప్రకారం బతికే మనిషిని. గ్యాసు బండ ఏ రోజు పెట్టానో, పాప టీకాలు ఏ తేదీల్లో వేయించానో అన్నీ నోటు పుస్తకంలో ఉంటాయి. ఇంటికొచ్చి పేజీ మధ్యలో గీత గీసి ఒక వైపు ‘ఎందుకు’, ఇంకో వైపు ‘ఎందుకు వద్దు’ అని రాశాను. రెండు వైపులా నిండాయి. ఎన్నిసార్లు చదివినా ఏ వైపూ బరువు తేలలేదు.

థర్మల్ ప్లాంటు డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన్ని అడిగితే, "నీ ఇష్టం. నువ్వేదంటే అది" అన్నారు. మంచితనంతోనే అన్నారు, కానీ ఆ మాటతో నేను ఒంటరిదాన్నయ్యాను. మా పెద్దాడపడుచు వెంకటాచలం నుంచి చూడ్డానికి వచ్చి, "తీసేసినారు కదమ్మే, లేనిదానికి మళ్లీ ఆ విషం ఎందుకు? మా ఎదురింటామె ఆ మందుతోనే సగమైపోయింది" అంది. అదే సాయంత్రం ఫోన్లో ఇంకెవరో, వద్దనుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్న తమ బంధువు కథ చెప్పారు. మూడు రోజులు అలా గడిచాయి.

నాలుగో రోజు టైలరక్క దగ్గరికి వెళ్లాను. కీమో సంగతి అడగడానికి కాదు. పాత జాకెట్లు ఏవీ నాకు పనికిరావు, ఒక వైపు ఖాళీగా ముడత పడుతున్నాయి. ఆది జాకెట్టు సంచిలో పెట్టుకుని వెళ్లి ఆమె ముందు తీయలేక అలాగే నిలబడ్డాను. ఆమె సంచి తీసుకుని లోపల చూడకుండానే పక్కన పెట్టింది.

"ఇది ఇంక వద్దులే అమ్మణ్ణీ. కొత్తగా ఆది తీద్దాం."

తలుపు మూసి కర్టెను లాగింది. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ నాకు టేపు పెట్టింది. పెట్టే ముందు టేపుని అరచేతుల్లో రుద్ది వెచ్చబెట్టింది. కుట్లు పడిన చోట చూపు తిప్పుకోలేదు, గుచ్చి చూడనూ లేదు. కొలుస్తున్నంత సేపూ ఎవరో పెళ్లికూతురు జాకెట్టు వీపు మీద చిలకలు కుట్టమందని, ఒక్కో చిలక ఒక్కో వైపు తిరిగిందని చెబుతూ ఉంది. నేను నవ్వాను. ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారి.

జాకెట్టు లోపల జేబులాగా కుట్టి, అందులో పెట్టుకోవడానికి మెత్త చేస్తానంది. పుండు పూర్తిగా మానేదాకా వట్టి దూది, ఆ తర్వాత ఆవాలు. బరువు లేకపోతే భుజం ఒక పక్కకి లేచిపోతుందట.

"ఆవాలు వేయించి పోయాల. పచ్చివి పోస్తే చెమటకి మొలకలొస్తాయి."

"నీకెట్టా తెలుసక్కా?"

"నువ్వొక్కదానివే అనుకున్నావా ఈ చుట్టుపక్కల?"

అప్పుడు నాకు ఆశ పుట్టింది. అంటే ఆమెకి తెలిసినవాళ్లు ఉన్నారు. నా పది రోజుల సంగతి చెప్పి, పుస్తకంలో పెట్టుకున్న సున్నాల కాగితం చూపించాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఇందులో నువ్వు యాడుండావు?"

"తెలియదు."

"మరి దీన్ని చూసి ఎట్టా కత్తిరించేది?"

"అందుకే అడుగుతున్నా. నీ దగ్గరకొచ్చిన వాళ్లలో మందు ఎక్కించుకున్నవాళ్లు ఎట్టున్నారు, వద్దన్నవాళ్లు ఎట్టున్నారు? పేర్లొద్దు. అదొక్కటి చెప్పు."

"చెప్తే?"

"రాసుకుంటా. ఎటు బాగుంటే అటు చేస్తా."

"ఒకరి ఆది పెట్టి ఇంకొకరికి కుడితే ఎవరికీ రాదమ్మా."

ఎంత బతిమాలినా అంతకు మించి చెప్పలేదు. నాకు కోపమొచ్చింది. ఇంకా ఆరు రోజులే ఉన్నాయి, ఈమె జాకెట్ల కబుర్లు చెబుతోంది. "నీదాకా రాలేదు కాబట్టి ఎన్నైనా చెప్తావక్కా" అన్నాను.

ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. చెయ్యి ఆగింది. దారం కొసని నోటితో తడి చేసి మళ్లీ ఎక్కించింది.

"కూర్చో. కచ్చా వేసిస్తా" అంది.

ఎర్ర దారంతో కుట్టి తొడిగించి నడవమంది, కూర్చోమంది, చేతులెత్తమంది. ఎడమ చెయ్యి సగం దాకానే లేచింది. అక్కడ చంక కింద పట్టేసింది. ఆమె సుద్దతో గీత పెట్టి, గుండుసూదులు నోట్లోంచి తీసి అప్పుడు అంది:

"నీ మందు సంగతి కూడా ఇట్టానే చూడరాదా. రేపూ ఎల్లుండీ, వద్దని డాక్టరమ్మకి చెప్పేసినట్టే ఇంట్లో తిరుగు. ఆ తర్వాత రెండు రోజులు, సరేనన్నట్టే తిరుగు. అన్నం వండు, బట్టలుతుకు. యాడ పట్టేస్తదో నీకే తెలస్తది. కచ్చానే కదా, విప్పేయొచ్చు."

ఆ మాట నాకు నచ్చింది. పద్ధతిగా ఉంది.

మొదటి రోజు నిజంగానే హాయిగా ఉంది. వద్దన్నాను, అయిపోయింది. జుట్టు ఊడదు, వాంతులుండవు, ఇంటర్ పరీక్షలు రాసే పాప ముందు మంచం పట్టనక్కర్లేదు. చేపల పులుసు పెట్టాను. రెండో రోజు పాపని పిలిచి బీరువా తెరిచి, దాని సర్టిఫికెట్లు ఏ అరలో ఉన్నాయో, నానమ్మ గొలుసు ఎందులో ఉందో, వాళ్ల నాన్న షర్టులు ఏ సబ్బుతో ఉతకాలో చూపించాను. అది వింటూ వింటూ, "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ?" అంది. ఎందుకో నాకే తెలియలేదు. ఆ రోజు బియ్యం కడుగుతూ, గిన్నెలు తోముతూ ఎన్నిసార్లు తడి చేత్తో చంక తడుముకున్నానో. జాకెట్టు ఆ వైపంతా తడిసింది.

మూడో రోజు సరేనన్నట్టు తిరిగాను. టిఫిను సగం వదిలేశాను. అయినా వంటింట్లో డబ్బాలన్నీ దించి చీటీలు అంటించాను. మిరియాలు, ధనియాలు, ఇడ్లీ రవ్వ. నేను పడుకున్న రోజుల్లో వాళ్లిద్దరూ వెతుక్కోకూడదని. క్యాలెండర్లో మందు పడే రోజులకి ఒక గుర్తు, లేచి తిరగగలిగే రోజులకి ఇంకో గుర్తు పెట్టాను. నాలుగో రోజు సాయంత్రం ఆ క్యాలెండర్ చూస్తూ, ఆఖరి గుర్తు తర్వాతి వారంలో ‘ఆవకాయకి కాయలు చెప్పాలి’ అని రాసుకున్నాను. రాశాక చూసుకున్నాను. భయం రెండు వైపులా ఉంది. కానీ వద్దన్న రోజుల్లో ఇల్లు అప్పగిస్తున్నాను, సరేనన్న రోజుల్లో తిరిగొస్తానని సర్దుతున్నాను.

ఇది నా సంగతి మాత్రమే. ఇదే గీత మీద నిలబడిన ఇంకొకామెకి, వద్దన్న రోజుల్లోనే ఊపిరాడొచ్చు. ఆమె వద్దనుకుంటే అదీ సరైనదే. నేను ఏ సున్నానో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఇప్పటిదాకా పరీక్షల్లో ఏమీ లేదు. అది మందు వల్లేనా, మందు లేకపోయినా ఇంతేనా అని డాక్టరమ్మ కూడా చెప్పలేదు.

డాక్టరమ్మకి ఫోన్ చేసి సరేనన్నాను, వెంటనే టైలరక్క ఇంటికి వెళ్లి ఆ మాటే చెప్పాను. వద్దని చెప్పినా అలాగే వినేదనుకుంటాను.

"సరే. చెయ్యెత్తు" అంది. మునుపటి కంటే కొంచెం పైకి లేచింది. ఎర్ర దారం పీకేసి మిషను మీద పక్కా కుట్టు వేసింది. పక్కల్లో మూడు వరుసలు. "మందుకి చిక్కిపోతానేమో, ఇన్ని ఎందుకక్కా?" అంటే, "చిక్కితే లోపలికి పట్టిస్తా. ఆ తర్వాత లావవుతావు కదా" అంది.

మందు పడిన ఆ నెలల్లో ఆమె మా ఇంటికి రెండుసార్లే వచ్చింది. మొదటిసారి నా జుట్టు ఊడుతున్నప్పుడు, లైనింగు గుడ్డతో కుట్టిన టోపీలు మూడు తెచ్చింది. "మెత్తగుంటాది, గుచ్చుకోదు" అని చెప్పి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. రెండోసారి వచ్చినప్పుడు నేను మాట్లాడే స్థితిలో లేను. మంచం పక్కన కూర్చుని ఎవరి జాకెట్టుకో హుక్కులు కుడుతూ గంటసేపు ఉంది.

పోయిన గురువారం ఆమె ముఖం చూసి వచ్చాను. నాలుగు రోజుల తర్వాత వాళ్లమ్మాయి కబురు చేసింది. వెళ్తే మిషను మీద గుడ్డ కప్పి ఉంది. కొత్త జాకెట్టు, దానితో పాటు ఆపరేషన్ తర్వాత ఆమె కుట్టిన నా ఆది, కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆ తర్వాత లోపలికి వెళ్లి గుప్పెడంత గుడ్డ మెత్త ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎన్నోసార్లు పై గుడ్డ మార్చి కుట్టినట్టుంది. కదిపితే ఆవాల చప్పుడు. బరువు నేను పెట్టుకునే దానంతే.

"ఎవరిది?" అన్నాను.

"అమ్మది ఆంటీ. నా చిన్నప్పుడే ఆపరేషనయింది. మీకు చెప్పలేదా?"

నీదాకా రాలేదు కాబట్టి అని నేనన్నప్పుడు ఆగిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. నాకు చెప్పడానికి ఆమెకి ఒక్క మాట చాలు. చెప్పి ఉంటే నేను ఆమె ఆదినే పట్టుకుని కత్తిరించుకునేదాన్ని.

మరి ఆమె మందు ఎక్కించుకుందా, వద్దందా? అడగడానికి నోరు తెరిచాను. ఆ అమ్మాయి నా ముఖంలోకే చూస్తోంది, అడిగితే చెప్పేలాగే ఉంది. అడగలేదు. మెత్తని తిరిగి ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఇది రాయొచ్చా అని మాత్రం అడిగాను. "రాయండి ఆంటీ, ఎవరికన్నా పనికొస్తే అమ్మకి సంతోషమే" అంది.

ఇంటికొచ్చి జాకెట్లు రెండూ పక్కపక్కన పరిచాను. మాత్రలతో లావయ్యాను కాబట్టి, ఆదిలో ఒక వరుస ఎప్పుడో విప్పేశాను. సూది పడిన చిన్న చిన్న చిల్లులు వరుసగా కనపడుతున్నాయి. కొత్తదాన్ని తిరగేసి చూశాను. ఆఖరి సాయంత్రం కుట్టిన పక్కల్లో మూడు వరుసలూ ఉన్నాయి. మూడో వరుస చివర దారం కొస కత్తిరించలేదు, జానెడు పొడుగున వేలాడుతోంది. నేనూ కత్తిరించలేదు.