నీళ్లు పోసి చూసే మేస్త్రి

బుడే మేస్త్రి నీళ్లు నింపిన ప్లాస్టిక్ ట్యూబును రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, లోపల ఇరుక్కున్న గాలి బుడగల్ని గోటితో కొడుతూ పైకి పంపుతున్నాడు. ఒక్క బుడగ మిగిలినా మట్టం తప్పు చూపిస్తుంది. ట్యూబు రెండో కొస అతనితో పనిచేసే సుబ్బరావమ్మ చేతిలో ఉంది. ఆమె నలభై అడుగుల అవతల, ఆడిటోరియం గోడ పక్కన నిలబడింది. కదలకుండా పట్టుకోమన్నాడని ఊపిరి కూడా మెల్లగా పీలుస్తోంది.

ఇద్దరి మధ్యా నేల మీద ఇటుకలతో కట్టిన పెద్ద తొట్టి ఉంది. నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. అందులో పది రోజుల్లో ఒక దేశం తయారు చేయాలి.

ఆ దేశం పేరు సాగరియా. అది ఎక్కడా లేదు. గుంటూరు శివారులోని ఈ కాలేజీకి ఆరు దేశాల సైనికాధికారులు వస్తున్నారు. యుద్ధం గురించి కాదు. సాగరియా మీద పెద్ద తుపాను విరుచుకుపడిందనుకుని, ఎవరి పడవలు ఎటు వెళ్లాలి, ఎవరి హెలికాప్టర్లు ఎక్కడ దిగాలి, జనాన్ని ఏ శిబిరాల్లో ఉంచాలి, మందులు ఎవరు తేవాలి అని ఐదు రోజులు కూర్చుని ప్రణాళిక వేస్తారు. చుట్టూ తిరిగి చూడటానికి వాళ్లకు నేల నమూనా కావాలి. ఏ దేశానికీ నొప్పి కలగకూడదని పేరు కల్పించారు గానీ నేలను కల్పించలేదు. చీరాల దిగువన సముద్రం నుంచి పైన ఇంకొల్లు, పర్చూరు నల్లరేగడి దాకా ఉన్న నేలనే తీసుకుని, ఊళ్ల పేర్లు చెరిపి నంబర్లు వేశారు.

ఈ సంగతంతా మొదటి రోజే కెప్టెన్ గీతాంజలి చెప్పింది. పొన్నూరు అమ్మాయి. హాలు ఏర్పాట్లూ, తెలుగులో మాట్లాడాల్సిన పనులన్నీ ఆమెవే.

"అయితే మేం ఇప్పుడు సాగరియా వాళ్లమా తల్లీ?" అని సుబ్బరావమ్మ అడిగింది.

"ఈ పది రోజులూ అంతే."

"అవుతాంలే. రేషన్ కార్డు మాత్రం ఇక్కడిదే ఉండనీ."

కెప్టెన్ నవ్వింది. వెళ్లబోతూ ఇంకో మాట చెప్పింది. నేల ఇక్కడిదే కాబట్టి, ఈ ప్రణాళికలో పనికొచ్చాయనుకున్న శిబిరాల చోట్లనే తర్వాత మన జిల్లా తుపాను శిబిరాల జాబితాలోకీ ఎక్కిస్తారట. నిజంగా తుపాను వస్తే జనాన్ని తీసుకెళ్లేది అక్కడికేనట. బుడే అప్పటిదాకా తాపీ కడుక్కుంటూ వింటున్నాడు. ఆ మాటకు చెయ్యి ఆపి తలెత్తాడు.

బుడేకి అరవై ఒకటి. ఇంకొల్లుకు దిగువన, వాగు పక్క కాలనీలో ఇల్లు. పదకొండేళ్లకే తట్ట మోయడానికి వెళ్లాడు. పని ఎవరూ నేర్పలేదు. మేస్త్రీల చేతులు చూస్తూ నేర్చుకున్నాడు. పందొమ్మిదో ఏట అంకారావు అనే మిర్చి రైతుకి మొదటి కల్లం పోశాడు. మిరపకాయలు ఆరబోసే ఆ సిమెంటు నేల అద్దంలా వచ్చిందని తనే మురిసిపోయాడు. మాఘమాసంలో అనుకోని వాన పడింది. ఒక మూల నీళ్లు నిలిచి తొమ్మిది టిక్కీల, అంటే తొమ్మిది బస్తాల కాయ రంగు పోయి తాలుకాయగా మారింది. అంకారావు కేకలు వేయలేదు. కుర్రమేస్త్రిని ఆ మూలకు తీసుకెళ్లి, చీలమండ దాకా నీళ్లలో నిలబెట్టి, ఒక్కటే అన్నాడు. "ఒరేయ్ బుడే, ఒక బిందెడు నీళ్లు ఆనాడే పోసి చూసుంటే పోయేది కదరా."

ఆ రోజు నుంచి బుడే ఏ నేల పోసినా బిందెడు నీళ్లు పోసి చూశాడు. నేల ఎండాక యజమానిని పిలిచి, ఎత్తువైపున సత్తు బిందె వంచుతాడు. ఆఖరి చుక్క నేల దిగిపోయేదాకా ఇద్దరూ నిలబడి చూస్తారు. ఎక్కడైనా అరచేతి మేర నిలిచినా పగలగొట్టి మళ్లీ పోస్తాడు. సరిగ్గా పోతే ఖాళీ బిందె యజమాని చేతికిస్తాడు. బిందె చేతికొచ్చిందంటే పని అప్పగించినట్టు. ఆ చుట్టుపక్కల కల్లాలన్నీ, కోల్డ్ స్టోరేజీల నేలలూ, ఈ కాలేజీ వరండాలూ అలా అప్పగించినవే. అందుకే ప్రిన్సిపాలు సైన్యం వాళ్లకి అతని పేరు చెప్పాడు.

నీళ్లు పోసి చూడకుండా అప్పగించిన పని ఒకటే ఉంది. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది. అందుకని జిన్నింగు మిల్లు నుంచి దుమ్ము పత్తి తెచ్చి మట్టిలో కలిపి తొక్కించాడు. పత్తి నారలు మట్టిని పట్టి ఉంచుతాయి. పైన పల్చగా సిమెంటు పాలు పూశాడు. అధికారులిచ్చిన మ్యాపులో ఎత్తులన్నీ అంకెల్లో ఉన్నాయి. బుడేకి ఇంగ్లీషు రాదు గానీ అంకెలొచ్చు. ఆ నేలంతా చదును కాబట్టి ఎత్తుల్ని పెంచి చూపించమన్నారు. మీటరుకు అంగుళం చొప్పున మేకులు కొట్టి, ట్యూబుతో మట్టం చూసుకుంటూ మేకుల తలల దాకా మట్టి నింపాడు. పత్తి చేలకి సున్నం చల్లారు. మిర్చి చేలకి ఇటుక పొడి చల్లుతుంటే సుబ్బరావమ్మ, నిజం కారమే చల్లుదాం, ఆరు దేశాల వాళ్లూ ఒక్కసారే తుమ్ముతారు అంది. బుడే నవ్వలేదు. పనిలో ఉంటే అతనికి నవ్వు రాదని ముప్పై ఏళ్లుగా అతని దగ్గర సిమెంటు మాలు కలుపుతున్న ఆమెకి తెలుసు.

ఆరో రోజు కెప్టెన్ చిన్న చిన్న జెండాలు తెచ్చి మ్యాపు ప్రకారం గుచ్చింది. నాలుగో శిబిరం జెండా వాగు పక్క ఒక చదరం మీద పడింది. పేరు లేకపోయినా బుడే ఆ చోటుని పోల్చుకున్నాడు. కాలనీ పక్కన ఉన్న హైస్కూలు మైదానం అది.

రెండేళ్ల కిందటి డిసెంబరు తుపానుకి కాలనీ వాళ్లనందరినీ ఆ స్కూలుకే తరలించారు. అప్పటి జాబితాలోనూ అది ఎత్తయిన చోటని రాసి ఉంది. మర్నాడు పగలు పదకొండింటికి మైదానంలోకి నీళ్లొచ్చాయి. వచ్చినవి పోలేదు. మూడు రోజులు బెంచీల మీద బెంచీలు పేర్చుకుని కూర్చున్నారు. బుడే భార్య మస్తాన్‌బీకి ఉబ్బసం. తడిబట్టలతో, మందు లేక, బుడే భుజానికి ఆనుకుని కూర్చుంది. మూడో రోజు సాయంత్రం పడవ వచ్చింది. అప్పటికి మస్తాన్‌బీకి పడవతో పని లేకపోయింది.

నీళ్లు ఎందుకు పోలేదో బుడేకి తెలుసు. స్కూలుకీ వాగుకీ మధ్య నాలుగేళ్ల కిందట కొత్త రోడ్డు కట్ట వేశారు. ఆ కట్ట కింద తూములు రెండే. ఆ రెండు తూములకీ సిమెంటు గొట్టాలు దించింది బుడేనే. రెండు చాలవని, ఆరైనా ఉండాలని కాంట్రాక్టరుతో అన్నాడు. కాగితంలో రెండే ఉన్నాయన్నారు. రోడ్డు మీద బిందెడు నీళ్లు పోస్తే తెలిసేది కాదు. దించమన్నవి దించి వచ్చాడు. ఆ రోజు బిందె ఇంట్లోనే ఉండిపోయింది.

ఏడో రోజు పొద్దున్నే బుడే పిడికెడు మట్టి తీసుకుని, ఆ రోడ్డు కట్టని చిటికెనవేలి ఎత్తున పెట్టాడు. సోడా తాగే రెండు గొట్టాలు విరిచి తూములుగా గుచ్చాడు. మ్యాపులో ఆ కట్ట లేదు. ఆ మ్యాపు గీసిన నాటికి రోడ్డు పడలేదు. కానీ నేల మీద ఉన్నదాన్ని వదిలేయడం అతనికి చేతకాదు. మధ్యాహ్నం ఆరాక కెప్టెన్‌ని పిలిచి, ఎత్తువైపున బిందె వంచాడు.

నీళ్లు చేల మధ్య గీతలుగా చీలి దిగాయి. వాగు నిండింది. కట్ట దగ్గరికొచ్చి ఆగి, పక్కలకి పొంగి, నాలుగో శిబిరం మీదికెక్కాయి. మిగతా నేలంతా ఆరిపోయినా ఆ చదరంలో అరచేతి మేర నీళ్లు అలాగే నిలిచాయి. జెండా మెల్లగా వంగిపోయింది.

కెప్టెన్ పక్కనే గొంతుక్కూర్చుంది. "ఈ గట్టు ఎక్కడిది మేస్త్రీ గారూ? మ్యాపులో లేదే."

"మ్యాపులో లేదమ్మా. నేల మీద ఉంది."

అప్పుడు తూముల సంగతీ, స్కూలు సంగతీ చెప్పాడు. మస్తాన్‌బీ సంగతి అతను చెప్పలేదు, సుబ్బరావమ్మ చెప్పింది. కెప్టెన్ ఫోనులో ఫొటోలు తీసుకుని, పై అధికారికి చూపిస్తానని వెళ్లింది. ఆ సాయంత్రం బస్సులో సుబ్బరావమ్మ, ఆ పిల్ల మొహం చూస్తే పని జరిగేట్టే ఉంది అంది. బుడే బస్సు దిగాక ఇంటికి పోకుండా స్కూలు గేటు దాకా నడిచి, కాసేపు నిలబడి వచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం కెప్టెన్ వచ్చింది. పై అధికారి అంతా విన్నాడట. మెచ్చుకున్నాడట కూడా. కానీ ఈ మ్యాపు మీద ఇప్పటికే మూడు సమావేశాలు జరిగాయి. ఆరు దేశాలూ సంతకాలు పెట్టాయి. నాలుగో శిబిరం దగ్గరే రెండు దేశాల ఆసుపత్రీ, హెలికాప్టర్లు దిగే చోటూ ఉన్నాయి. అది కదిపితే పడవల లెక్క నుంచి డీజిలు దాకా అన్నీ మళ్లీ వేసి, మళ్లీ ఆరు రాజధానులకి పంపాలి. ఇంకా రెండు రోజులే ఉన్నాయి. ఏ రోజు ఎక్కడ ఏం జరుగుతుందో కూడా ముందే రాసి అచ్చు వేయించారు.

"నాలుగో శిబిరంలో ఏం జరుగుతుందని రాశారమ్మా?" అని బుడే అడిగాడు.

కెప్టెన్ కాగితం తీయకుండానే చెప్పింది. "పన్నెండు వందల మంది. మృతులు సున్నా."

సుబ్బరావమ్మ తట్ట కింద పెట్టింది.

"నా నోటు రాసిచ్చాను మేస్త్రీ గారూ. నివేదిక చివర అనుబంధంలో పెడతామన్నారు."

"అది ఎవరు చదువుతారు?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "ఎవరూ చదవరు."

"జాబితాలోకి ఎక్కేది మా స్కూలే కదమ్మా?"

"అవును." తర్వాత, చెప్పాల్సిన మాట చెప్పింది. "రోడ్డు తీసేయమన్నారు. మ్యాపులో ఉన్నంతవరకే ఉండాలట."

పని వదిలి వెళ్లిపోదామని సుబ్బరావమ్మ అంది. బుడేకీ ఆ ఆలోచన రాకపోలేదు. తను వెళ్తే ఇంకో మేస్త్రి వస్తాడు. అతను రోడ్డుతో పాటు వాగు అంచు కూడా చెడగొడతాడు. జెండా మాత్రం అక్కడే ఉంటుంది. బుడే సన్న తాపీ తీసుకుని, మోకాళ్ల మీద వంగి, కట్ట మొదట్లో నుంచి గీకడం మొదలుపెట్టాడు. సోడా గొట్టాలు రెండూ తీసి జేబులో వేసుకున్నాడు. కట్ట ఉన్న చోట తడిగుడ్డతో పాముతూ, పక్క నేల రంగు వచ్చేదాకా సిమెంటు పాలు మూడుసార్లు పూశాడు. ఆరాక చూస్తే అక్కడొక రోడ్డు ఉండేదని కట్టినవాడికి కూడా తెలియదు. అంత శుభ్రంగా వచ్చింది.

పదో రోజు ఉదయం అధికారులంతా వచ్చారు. ఆరు రకాల యూనిఫారాలు. ఈ మేస్త్రి నీళ్లు పోసి గానీ పని అప్పగించడని ఎవరో చెప్పారట. పై అధికారి అది అందరికీ చూపించమన్నాడు. కెప్టెన్ ఆ మాటని తెలుగులో చెప్పేటప్పుడు బుడే మొహం చూడలేదు.

బుడే సత్తు బిందె నింపుకొచ్చి ఎత్తువైపున వంచాడు. నీళ్లు తెల్లటి పత్తి చేల మధ్య నుంచి, ఎర్రటి మిర్చి చేల మధ్య నుంచి గీతలుగా దిగి వాగులో కలిశాయి. ఎక్కడా ఆగలేదు. నాలుగో శిబిరం పక్క నుంచి, జెండా మొదలు కూడా తడవకుండా, సముద్రం కోసం పెట్టిన రేకు తొట్టిలోకి పోయాయి. ఆఖరి చుక్క దిగేదాకా అందరూ నిలబడ్డారు. తర్వాత చప్పట్లు కొట్టారు. ఒక విదేశీ అధికారి వచ్చి బుడే చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మన కాలనీ పక్క నుంచి కూడా ఎంత బుద్ధిగా పోయాయో చూశావా అన్నా," అంది సుబ్బరావమ్మ, అతనికి మాత్రమే వినపడేలా.

బుడే బిందెను తలకిందులు చేసి, మిగిలిన తడిని విదిలించాడు. నడిచి వెళ్లి దాన్ని కెప్టెన్ గీతాంజలి చేతుల్లో పెట్టాడు. ఆమె రెండు చేతులతో అందుకుంది.