రాజబాబు గీసిన దొరసాని

రాజబాబు రాజమండ్రిలో సినిమా బ్యానర్లు గీసేవాడు. ఫ్లెక్సీలొచ్చి అతని నోట్లో మట్టి కొట్టాయి. 2009లో దుబాయ్ వచ్చి, డేరా అనే పేటలో ఖాసిం భాయ్ ఫ్రేముల కొట్లో చేరాడు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు చిత్రకారులు వేసిన పెద్ద పెద్ద బొమ్మలకు నకళ్లు తీయడం పని. పాలరాతి మెట్లు, పట్టుబట్టల దొరసానులు. హోటళ్లవాళ్లకు అవంటే మహా మోజు. ఒక్కదాని కిందా ఇతని పేరుండదు.

నేను ఆ కొట్టు వ్యాను డ్రైవర్ని. కరామా పేటలో మేమంతా ఉండే గదిలో అతని పక్క మంచం నాదే. అంత ముంగిని నేనెక్కడా చూడలేదు. శుక్రవారం మేమంతా పేకాడుతుంటే తను గోడవైపు తిరిగి పడుకునేవాడు.

కొన్నాళ్లకు అతని భార్య దేవి కూడా ఈ దేశమే వచ్చింది, ఉమ్ అల్ క్వైన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పనికి. మొగుడు ఇక్కడే ఉన్నాడని తెలిస్తే పని ఊడుతుందని ఏజెంటు బెదిరించాడు. ఆ ఇంట్లో సెలవన్న మాటే లేదు. గంట దూరంలో ఉండి, ఏళ్ల తరబడి మొగుడూ పెళ్లాలు ఫోనులో గొంతులు విని బతికారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

2016లో ఆ ఇంటి మేడమ్ హాల్లోకి బొమ్మ కావాలంటే, దేవే మా కొట్టు సంగతి ఆవిడ చెవిన వేసింది. ఇక రాజబాబు మనిషే మారిపోయాడు. ఖాసిం భాయ్ ‘యల్లా, యల్లా’ అని తొందరపెడుతున్నా, ఒక పొర ఆరితే గాని ఇంకో పొర వేయలేదు. దొరసాని ఒంటికి దేవి ముఖం పెట్టాడు.

“అది చూసుకుంటే చాలు వెంకట్రావూ. నేను మర్చిపోలేదని తెలుస్తాది” అన్నాడు.

చెయ్యి మాత్రం బ్యానర్లదే కదా. హీరోయిన్‌కు వయసు కనబడకూడదు, బుగ్గన గులాబీ రంగు పడాల్సిందే. అలాగే గీశాడు.

బొమ్మ తీసుకుని ఇద్దరం వెళ్లాం. తలుపు తీసిన దేవీ, ఇతనూ గుమ్మంలోనే ఒకరినొకరు చూస్తూ నిలబడ్డారు. మేడమ్ సోఫాలోనే కూర్చుంది. బొమ్మ తగిలించాక దేవి టీ తెచ్చింది. మేడమ్‌కు తెలుగు రాదని ధైర్యం.

“చిక్కిపోయారండీ” అంది, కప్పుల మీంచి చూపు ఎత్తకుండా.

“బొమ్మ చూడు” అన్నాడు.

ఆమె తలెత్తి చాలాసేపు చూసింది.

“బావుందండీ. ఎవరీవిడ? కష్టమంటే తెలీని మనిషిలా ఉంది.”

“ఎవరో దొరసానిలే” అన్నాడు రాజబాబు.

తిరుగుదారిలో నాకు ఆగలేదు. “సొంత ముఖమే పోల్చుకోలేదేమిటయ్యా ఆవిడ? చెప్పి చావొచ్చుగా!”

అతను కిటికీలోంచి ఇసుక చూస్తూ అన్నాడు.

“తలుపు తీసినప్పుడు నేనూ పోల్చుకోలేదు వెంకట్రావూ. ఎవరో ముసలావిడ అనుకున్నాను.”