రాసుకునుడు బంద్ చేసిన కంప్యూటర్

ఈ సంగతి నాకు మొదట తెచ్చింది రాజవ్వ. మా తమ్ముని పక్కింట్ల బీడీలు చుట్టే పెద్దమనిషి, లేని మాట అనదు. చేట చంకల పెట్టుకొనే వచ్చి, "బిడ్డా, మీ పద్మ అన్నం ముడుతలేదు. శీను దినాం మధ్యాహ్నం వచ్చి పోతుండట. కంప్యూటరే చెప్పిందట" అన్నది.

నేను దయ్యాలను ఎన్నడు నమ్మలేదు. బడి మొఖం చూడలేదు గాని, మా నాయిన మగ్గం కాడ కూసోబెట్టుకొని చదువు నేర్పిండు. మా కులదైవం మార్కండేయ స్వామి మీద భారం వేసి బతకమన్నడు. అట్లనే బతికిన. ఆ ఇద్దరి రుణం నేను తీర్చలేను. చచ్చినోళ్లు తిరిగొస్తరంటే నవ్వేదాన్ని. ఇది చదివి మీరు నవ్వినా నేనేమనుకోను.

శీను నా తమ్ముడు. పద్మ వాని భార్య. మరాఠీ దేశంల మా తెలుగు నేతోళ్లుండే నీలం నగర్ల, మా పక్క గల్లీలనే ఉండేటోళ్లు. తొంభైల చివర అది. చద్దర్ల డిజైన్లు మావోళ్లు ఇంకా గళ్ల కాగితం మీద గీస్తుంటే, శీను ఏదో ఆఫీసుల వాడి తీసేసిన కంప్యూటర్ కొని దాని మీద పువ్వులు, నెమళ్లు గీసేటోడు. మధ్యాహ్నం అన్నం తిని కూసుంటే పొద్దు వాలేదాక లేచేటోడు కాదు. కామెర్లొచ్చి పోయిండు. పద్మకు పెండ్లి చీర మడత కూడ చెదరలేదు అప్పటికి.

మా ఇంట్ల ఒక పద్ధతున్నది. మగ్గం మీది మనిషి పోతే ఆ మగ్గాన్ని ఎవ్వరు ముట్టరు. పదో దినం ఇంటి పెద్ద ఒక్క పోగు తెంపి, "నీ పని అయిపోయింది, చేతులు విడువు" అని చెప్పాలె. అప్పటిదాక ఆ మనిషి పని మీదనే ఉంటడని పెద్దల మాట. శీనుకు నేనే తెంపిన. వానికి మగ్గం లేదు గద, మా నాయిన పాత మగ్గం మీద తెంపిన.

సుహాస్ అని, కొంతం చౌక్ దిక్కు కంప్యూటర్లు బాగు చేసే మరాఠీ మనిషి, శీను దోస్తు. పద్మను వహినీ, అంటే వదిన, అంటడు. కంప్యూటర్ అమ్ముదామని పద్మ పిలిస్తే వచ్చిండు. ఆ రకం కంప్యూటర్ తను ఎప్పుడు చాలూ అయిందో, ఎప్పుడు బంద్ అయిందో తనే లోపల రాసుకుంటదట. ఆ రాత తెరిచి చూసి, "వహినీ, దినాం మధ్యాహ్నం ఎవరు నడుపుతున్నరు?" అని అడిగిండు. శీను పోయినంక కంప్యూటర్ ఉన్న అర్రలకు ఎవ్వరు పోలేదు.

రాజవ్వ మాట విని నేను ఉరికిన. పద్మ ఆ అర్ర గడప మీద కూసున్నది. "వదినె, నేను ఇంట్లనే ఉన్న. ఒక్క చప్పుడు వినలేదు. మొగడు ఇంటికొస్తే తెల్వని పెండ్లాం ఉంటదా ఎక్కడన్న?" అని నవ్వింది. ఆ నవ్వు చూసినంక నాకు శీను సంగతి కాదు, ఈ పిల్ల బతుకుతదా అన్నదే భయమైంది.

లోపల గడియారం సెల్ ఖరాబైతే టైం తప్పు పడుతది అన్నడు సుహాస్. కొత్తది వేసిండు. నేను కరెంటు తీగ పీకి మా ఇంటికి తెచ్చి, బీరువాల పెట్టి తాళం వేసిన. తెల్లారి మధ్యాహ్నం అర్ర తలుపు ముందట చాప వేసుకొని నేనే కూసున్న. రాజవ్వ కూడ వచ్చింది. గల్లీల మరమగ్గాల చప్పుడు తప్ప ఏం వినలేదు. దీపాలు పెట్టినంక సుహాస్ నా దగ్గర తీగ తీసుకొని పెట్టి తెరిచిండు.

మేం కూసున్న యాళ్లకే చాలూ అయినట్టు, పొద్దు వాలినంక బంద్ అయినట్టు రాసి ఉన్నది.

సుహాస్ తీగను, కొత్త సెల్‌ను మళ్ల తీసి చూసిండు. "అక్కా, సెల్ పోతే టైం తప్పు చూపిస్తది, అంతే. కరెంటే లేకుంటే ఈ రాత లైన్ ఎట్ల వస్తది?" అన్నడు.

పద్మనే చెప్పింది. "వదినె, మనం వేరే మగ్గం మీద పోగు తెంపినం. ఆయన మగ్గం ఇదే. ఇంకా పనిలనే ఉన్నడు."

"దీనికి పోగెక్కడున్నదే తెంపనీకి?" అన్నది రాజవ్వ.

"ఆ రాసుకునుడే పోగు. అది బంద్ చెయ్యండి సుహాస్ అన్నా."

"దాంతోని అయిపోతదా వహినీ?"

"ఎందుకు కాదు?" రాజవ్వ అందుకున్నది. "హాజరీ రాసేటోడు లేకుంటే ఏ కార్ఖానాల కూలోడు నిలబడ్డడు?"

ఆ దుఃఖంల కూడ అందరం నవ్వినం. సుహాస్ ఆ రాత బంద్ చేసే కాడ తీసి చూపించిండు. పద్మ, "నీ పని అయిపోయింది, చేతులు విడువు" అనుకుంట తనే నొక్కింది. ఆ పూట కడుపు నిండ తిన్నది. నేను స్వామికి కొబ్బరికాయ కొట్టిన.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం నా పక్కన కూసొని మెల్లగ అడిగింది. "వదినె, రాసుడు బంద్ చేసినం. వచ్చుడు బంద్ అయిందో లేదో ఎట్ల తెలుస్తది?"

"మళ్ల చాలూ చేయించి చూద్దామా?" అన్న.

"చేస్తే ఆయనను మళ్ల పనికి కట్టేసినట్టే గద!"

తెరిస్తే కట్టేసినట్టు, తెరవకుంటే తెల్వదు. ఆ రెండిటి నడుమ ఆ పిల్ల కరిగిపోయింది. డాక్టర్లు ఏ రోగం లేదన్నరు. దేవునికి మొక్కని మొక్కు లేదు. వానలు ఆగేసరికి పద్మ కూడ పోయింది.

కరెంటు లేని పెట్టెల ఆ లైన్లు ఎట్ల వచ్చినయో ఈ రోజుకు నాకు తెల్వదు. సుహాస్‌కూ తెల్వదు. రాజవ్వ, సుహాస్ మాకు తోడు నిలబడ్డరు, వాళ్లను దేవుడు సల్లగ చూడాలె.

నాదొక్కటే కోరిక. శీనును తలువకండి, వాన్ని పోనియ్యాలె. పద్మకు మాత్రం పిల్లల్లేరు, పేరు తలిచేటోళ్లు లేరు. మీ ఇంట్ల దీపం పెట్టినప్పుడు ఒక్కసారి ఆ పిల్లను తలుచుకోండి.