పెండ్లి ఇస్తర్లు మేకలు మేసిన పూట

బుడ్డమ్మా... "అమ్మా, మేకల కథ చెప్పు" అని నా కొంగు పట్టుకునేదానివి. నువ్వు పోయినాక ఆ కథ అడిగేవాళ్లు లేరు తల్లీ... అందుకే ఇక్కడ అందరికీ చెబుతున్నాను.

మా చిన్నప్పుడు... జమ్మలమడుగులో పెండ్లికి వారం ముందే ఇంటికి మోదుగాకులు వచ్చేవి. వీధిలో ఆడవాళ్లంతా మా వసారాలో చేరి, చీపురు పుల్లలు చీల్చి ఇస్తర్లు కుట్టేవాళ్లు. వాడి పారేసే కాగితం మాకు తెలియదు. చెయ్యి తుడుచుకోను పాత చీర ముక్క, అంగడికి గుడ్డ సంచి... తిన్న ఆకులు దిబ్బలో ఎరువయ్యేవి.

మా అక్క పెండ్లి. మగపెండ్లివాళ్లు పులివెందుల నుంచి వచ్చారు. ఎండిన ఇస్తర్లు మెత్తబడాలని నీళ్లు చల్లి పెరట్లో పరిచారు. తాళి కట్టే సందడిలో దొడ్డి తలుపు ఎవరూ చూసుకోలేదు. భోజనాల వేళ మా అమ్మ పెరట్లోకి పోయి కేక పెట్టింది... వెనకింటి ఎల్లమ్మత్త మేకలు ఆకులన్నీ మేసేసి, పుల్లలు ఉమ్మేస్తూ మమ్మల్నే చూస్తున్నాయి.

"ఏందే ఎల్లమ్మా ఈ పని!" అంది మా అవ్వ.

"ఏం చేసేదవ్వా... మగపెండ్లోళ్ల కంటే ముందే ఇవి పంక్తిలో కూసున్యాయి!" అంటూ ఎల్లమ్మత్త కర్రతో వాటిని తరిమింది.

ఎవరికీ నవ్వు రాలేదు. వియ్యాలవారు అన్నం తినకుండా లేస్తే అక్కకు అత్తింట్లో జన్మంతా ఆ మాటే... అరటాకులు తేవాలంటే ఏటి ఒడ్డు తోటల దాకా పోవాలి. మా నాయన స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాడు.

ఎల్లమ్మత్త గబగబా ఇంటికి పోయి, కడిగిన సత్తు కంచాలు తెచ్చి అమ్మ ముందు పెట్టింది. "వదినా, నువ్వు వడ్డన చూసుకో పో. ఇట్లాంటి తట్టలు ఇంకా నేను తెస్తా" అంది.

ఇల్లిల్లూ తిరిగింది. కంచువి, ఇత్తడివి, అంచున చుక్కలతో పేర్లు కొట్టించినవి... వీధిలో ఉన్న కంచాలన్నీ మా ఇంటికి నడిచొచ్చాయి.

పెండ్లికొడుకు మేనమామ కంచం తిప్పి చూసి, "ఏందప్పా, నా తట్టమీద సుబ్బమ్మ అని ఉండాదే!" అన్నాడు.

మా అవ్వే అందుకుంది. "పేరు సుబ్బమ్మది, పప్పు మాది. తిను నాయనా, శానా పొద్దుపోయింది."

ఆయన పకపకా నవ్వి ముద్ద కలిపాడు. పంక్తంతా నవ్వింది. అప్పుడు గానీ నాయన ఊపిరి పీల్చుకోలేదు. ఒక పంక్తి లేవగానే కంచాలు బావి దగ్గరికి, బూడిదతో తోమి మళ్లీ పంక్తికి... సాయంత్రం నేను పేర్లు కూడబలుక్కుని చదువుతుంటే, ఎవరివి వాళ్లు నవ్వుకుంటూ తీసుకుపోయారు.

ఈ కథ విని విని, బుడ్డమ్మా, మన ప్రొద్దుటూరు ఇంట్లోకి నువ్వు కాగితం ప్లేటు, కాగితం గ్లాసు రానివ్వలేదు. నా పాత నూలు చీరలు చదరంగా కత్తిరించి, అంచు కుట్టి, వంటింట్లో చేతిగుడ్డలుగా పెట్టావు. అవి ఇంకా చిరగలేదమ్మా...

నీ యేడాది దినానికి చుట్టాలు "కాగితం ప్లేట్లు తెస్తే తోమే బాధ ఉండదు కదా" అన్నారు. నాకు కాదనే ఓపిక లేదు. పక్కింటి షమీమ్ విని, "పాపకు ఇష్టం లేనిది ఎందుకమ్మా? మేముండాం, తోముతాంలే" అంది. షమీమ్‌తో కలిపి నలుగురు ఆడపిల్లలు చీరలు ఎగ్గట్టి కుళాయి దగ్గర కూర్చున్నారు. నీ మాటలే చెప్పుకుంటూ తోమారు. ఒక్క కాగితం ముక్క మన గడప దాటి రాలేదు. ఆ పిల్లల చేతులు చల్లగా ఉండాలి...

ఇప్పుడు విందయిన మర్నాడు వీధి మొదట్లో కాగితం కుప్పలే. పని తగ్గింది, నిజమే... పక్కన కూర్చుని తోమే మనిషీ తగ్గింది.

మీ ఇండ్లలో పెండ్లి భోజనాలు ఎట్లా జరిగేవో రాయండి, అన్నీ చదువుతాను. పనుల్లో పడి ఆకలి మరిచిపోకండి నాయనా... వేళకు కడుపునిండా తినండి.